మర్ఫా: మన పొరుగున మోగే జాజ్

రాత్రి తొమ్మిది దాటిన తరువాత జల్‌పల్లి చెరువు గట్టు మీద నిలబడితే, ఉత్తరాన బార్కస్ వైపునుంచి ఒక్కొక్కప్పుడు గాలిమీద ఒక చప్పుడు తేలి వస్తుంది. మొదట అది దూరాన ఎవరో రోట్లో రోకలి వేస్తున్నట్టు ఉంటుంది. కొంచెంసేపు చెవి ఒగ్గి వింటే అది ఒక్క చప్పుడు కాదని తెలుస్తుంది. అడుగున బరువైన మోత ఒకటి. దానిమీద రేకుల కప్పుపై వడగళ్ళు రాలినట్టు సన్నగా, వడిగా మరొకటి. ఈ రెంటికీ నడుమ అరచేతి దెబ్బ ఇంకొకటి. పాట లేదు, సన్నాయి లేదు. అయినా వినేవాని పాదం తనంత తానే కదులుతుంది. అదేమిటని దారినపోయే వారిని అడిగితే, "ఏదో పెళ్ళి. మర్ఫా వాయిస్తున్నారు" అని చెప్పి తమ దారిన తాము పోతారు.

జాజ్ సంగీతం గురించి ప్రసంగించమనీ, దానిని మన నగరంలో ఎక్కడ ప్రత్యక్షంగా వినవచ్చునో చెప్పమనీ శ్రోతలు అడుగుతూ ఉంటారు. న్యాయమైన కోరికే. కాని ఆ ప్రశ్నకు నా సమాధానం కొంచెం చుట్టుదారిన వస్తుంది. జాజ్‌కు దగ్గరి చుట్టం ఒకటి సుమారు రెండు వందల ఏండ్లుగా మన గుమ్మం ముందే మోగుతున్నది. దానిని మనం పెళ్ళి సందడి అనుకొని, తలుపు వేసుకొని పడుకుంటున్నాం. ఆ చుట్టం పేరు మర్ఫా. ఈ చుట్టరికం ఎటువంటిదో తెలియాలంటే ముందు జాజ్ సంగతి రెండు మాటలు చెప్పుకోవాలి.

అమెరికాలో మిసిసిపీ నది సముద్రంలో కలిసే చోటికి చేరువలో న్యూ ఆర్లియన్స్ అనే రేవు పట్టణం ఉన్నది. ఆఫ్రికానుంచి బానిసలుగా తేబడిన జనం పందొమ్మిదవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో అక్కడ ఆదివారాలు కాంగో స్క్వేర్ అనే మైదానంలో కూడేవారు. ఆ ఒక్కపూట వారికి డప్పులు వాయించుకోవడానికీ, ఆడుకోవడానికీ వీలుండేది. 1865లో అంతర్యుద్ధం ముగిసింది. బానిసత్వం రద్దయింది. సైనిక వాద్యబృందాలలో వాడే కొమ్ములు, క్లారినెట్లు, పెద్ద డోళ్ళు సామాన్యుల చేతికి చౌకగా వచ్చాయి. సైన్యం వారి వాద్యాలు, ఆఫ్రికా వారి లయ, చర్చిలో పాడుకొనే పాటలు, పొలంలో పనిపాటలు కలిసి కొత్త సంగీతంగా తేరుకొన్నాయి. 1917లో ఆ సంగీతపు మొదటి గ్రామఫోను రికార్డు వెలువడింది. తరువాత అది లోకమంతా తిరిగింది.

మన దేశానికి కూడ అది త్వరగానే వచ్చింది. 1930ల నాటికే బొంబాయిలోని తాజ్‌మహల్ హోటలులో అమెరికన్ నీగ్రో వాద్యకారులు కచేరీలు చేశారు. వారి పక్కన కూర్చుని నేర్చుకొన్న గోవా వాద్యకారులు ఆ తరువాత హిందీ సినిమా పాటలకు కొమ్ములూ శాక్సఫోనులూ అందించారు. పియానో వాద్యకారుడు డేవ్ బ్రూబెక్ 1958లో తన బృందంతో భారతదేశంలో పర్యటించాడు. మన తాళాలు, మన మృదంగపు నడకలు ఆ బృందాన్ని ఎంతగానో ఆకర్షించాయి. తిరిగి వెళ్ళిన తరువాత బ్రూబెక్ ఆ యాత్రానుభవాలతో ఒక రికార్డు చేస్తే, అందులో ఒక రచనకు కలకత్తా పేరు పెట్టుకొన్నాడు. లయ తెలిసిన వానికి లయ తెలిసిన వాడు ఎక్కడైనా బంధువే.

జాజ్‌కు ప్రాణమైన గుణాలు మూడు. మొదటిది లయమీద లయ: ఒకే సమయంలో రెండు మూడు నడకలు ఒకదానిపై ఒకటి సాగడం. రెండవది పిలుపూ జవాబూ: ఒకడు ఒక ముక్క వాయిస్తే తక్కినవారు దానికి బదులివ్వడం. మన బుర్రకథలో కథకునికి వంతలు బదులు పలికినట్టే. మూడవది మనోధర్మం: కట్టుబాటు తప్పకుండా అప్పటికప్పుడు కొత్తగా అల్లడం. ఈ మూడు గుణాలూ గుర్తుంచుకొని ఇక బార్కస్ వైపు నడుద్దాం.

బార్కస్ అన్నది అరబ్బీ మాటా కాదు, తెలుగు మాటా కాదు. సైనికుల వసతికి ఇంగ్లీషులో వాడే బారక్స్ అన్న మాట జనం నోట నలిగి బార్కస్ అయింది. చార్మినారుకు దక్షిణంగా, చాంద్రాయణగుట్ట దాటగానే, శ్రీశైలం రహదారి పక్కన ఉన్నది. ఇంకా ముందుకు వెళితే పహాడీ షరీఫ్ గుట్టా, దానిమీద పదమూడవ శతాబ్దపు సూఫీ మహనీయుడు బాబా షర్ఫుద్దీన్ దర్గా, ఆ చేరువనే జల్‌పల్లి. ఆసఫ్‌జాహీ ప్రభువుల కాలంలో ఈ బారక్స్‌లో కాపురమున్న వారు యెమెన్ దేశంలోని హద్రమౌత్ ప్రాంతంనుంచి వచ్చిన అరబ్బులు. వారిని ఇక్కడ చావుష్‌లు అంటారు. అది తురుష్క సైన్యంలో ఒక చిన్న హోదా పేరు. ఈ కొలువు ఎంత పెద్ద కొలువంటే, నిజాము సైన్యంలో జమేదారుగా ఉన్న ఉమర్ బిన్ అవద్ అల్ ఖయీతీ అనే వ్యక్తి ఇక్కడ గడించిన ధనంతో తన స్వదేశంలో కుటుంబాధికారాన్ని నెలకొల్పగలిగాడు. ఆ వంశంవారు 1967 వరకూ హద్రమౌత్ తీరాన్ని సుల్తానులుగా పాలించారు. హైదరాబాదు జీతం యెమెన్‌లో రాజ్యమైందన్న మాట.

హద్రమౌత్ తీరానికి ఎదురుగా సముద్రం దాటితే తూర్పు ఆఫ్రికా. ఆరు నెలలు ఒక దిక్కుకూ, ఆరు నెలలు మరొక దిక్కుకూ వీచే ఋతుపవనాలను నమ్ముకొని ఈ రెండు తీరాల మధ్యా, మన పడమటి తీరానికీ తెరచాప ఓడలు వందల ఏండ్లు తిరిగాయి. వాటిలో ఖర్జూరం వచ్చింది, దంతం వచ్చింది, గుర్రాలు వచ్చాయి. మనుషులు కూడ వచ్చారు, వారిలో అనేకులు అమ్ముడుపోయిన వారు. మన దేశంలో వారిని హబ్షీలనీ, సిద్దీలనీ పిలిచారు. హబ్షీ అంటే అబిసీనియా వాడు. ఆ విధంగానే వచ్చి, అహమ్మదునగరు రాజ్యానికి మంత్రియై, మొగలాయీ సేనలను ఏండ్ల తరబడి నిలువరించిన మాలిక్ అంబర్ 1626లో మరణించాడు. దక్కను చరిత్రలో ఆఫ్రికా వారి పాత్ర చిన్నదేమీ కాదు.

హైదరాబాదులో సిద్దీలు ఆసఫ్‌జాహీల అశ్వదళంలో కొలువు చేశారు. వనపర్తి సంస్థానాధీశులు పోషించిన ఆఫ్రికా దళం కూడ ఇందులో చేరింది. ప్రభువు ఊరేగింపులలోనూ, దర్బారు వేడుకలలోనూ వారు అంగరక్షకులుగా కనిపించేవారు. మాసాబ్ ట్యాంకు చేరువలో వారు నివసించిన పేటను ఇప్పటికీ ఏ.సీ. గార్డ్స్ అంటున్నాం. ఏ.సీ. అన్న అక్షరాలకు అర్థం ఆఫ్రికన్ కావల్రీ. రోజూ ఆ పేరు చెప్పి బస్సు దిగేవారిలో ఈ సంగతి ఎరిగినవారు కొద్దిమందే. పాత పేటలోని వారు దానిని సిద్దీ రిసాలా అని కూడ అంటారు.

ఈ ఇద్దరు, అంటే బార్కస్ అరబ్బులూ ఏ.సీ. గార్డ్స్ సిద్దీలూ, వెంట తెచ్చుకొన్న సంగీతమే మర్ఫా. ఆఫ్రికా లయ హద్రమౌత్ ఎడారిలో కొంత అరబ్బు నడక నేర్చి, అటునుంచి ఇటు వచ్చింది. ఎవరి పాలు ఎంత అన్న తగవు ఇప్పుడు తేల్చడం కష్టమూ, అనవసరమూను. పాలూ నీళ్ళూ కలిసిన చోట హంసలకే పని. మనం తాగేవాళ్ళం.

మర్ఫా అన్నది సంగీతం పేరూ అవుతుంది, ఒక వాద్యం పేరూ అవుతుంది. వాద్యం గిన్నె ఆకారంలో ఉంటుంది. నోటిమీద చర్మం బిగిస్తారు. మెడకు తగిలించుకొనో, నడుముకు కట్టుకొనో సన్నని పుల్లలతో వాయిస్తారు. ఇందాక చెప్పిన వడగళ్ళ చప్పుడు దీనిదే. దీనికి తోడు దఫ్: చెక్క చట్రానికి ఒక పక్క చర్మం బిగించిన పలక వంటిది. అరచేతితోనూ వేళ్ళతోనూ వాయిస్తారు. అడుగున బరువైన మోత డోలుది. ఇవి కాక కర్రముక్కలూ, ఒక్కొక్కప్పుడు ఇంట్లోని లోహపు బిందె కూడ వాద్యాలైపోతాయి. చర్మం మెత్తబడితే చితుకుల మంట వేసి దానికి చూపి కాస్తారు. మన డప్పు వాయించేవారు చేసే పనే ఇది. వేడికి చర్మం బిగుస్తుంది, గొంతు తేరుతుంది.

ఇక లయ సంగతి. దీనికి శాస్త్రం అక్కరలేదు. ఇంట్లో ఇద్దరు బల్ల దగ్గర కూర్చుంటే చాలు. ఇద్దరూ కలిసి ఒకటినుంచి ఆరు వరకూ సమానంగా, ఆపకుండా, మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టండి. ఒకరు ఒకటి మీదా నాలుగు మీదా మాత్రమే బల్లను కొట్టాలి. రెండవవారు ఒకటి, మూడు, అయిదు మీద కొట్టాలి. మొదటివారి చేతిలో ఆరు మాత్రలు రెండు భాగాలయ్యాయి, ఒక్కొక్కటి మూడేసి. రెండవవారి చేతిలో అవే ఆరు మూడు భాగాలయ్యాయి, ఒక్కొక్కటి రెండేసి. మొదట చేతులు తడబడతాయి. నాలుగైదు ఆవృత్తాలు గడిచేసరికి ఇద్దరి దెబ్బలూ అల్లుకొని, ఇద్దరిలో ఎవరూ వాయించని మూడవ నడక ఒకటి వినిపిస్తుంది. పిల్లలకు దీనిని చూపిస్తే తొందరగా పట్టుకొంటారు.

ఆఫ్రికా తాళసంగీతంలో రహస్యమంటూ ఉంటే అది ఈ అల్లికే. ఎవడి చేతి పని వానికి సులువుగానే ఉంటుంది. కష్టమంతా పక్కవాని దెబ్బను వింటూ తన దెబ్బను తప్పకపోవడంలో ఉన్నది. మన కర్ణాటక సంగీతంలో మృదంగ విద్వాంసుడు తిశ్రాన్నీ చతురశ్రాన్నీ తన రెండు చేతులలోనే ఇముడ్చుకొంటాడు. మర్ఫా బృందంలో ఆ భారాన్ని అయిదారుగురు పంచుకొంటారు. అందుచేత మర్ఫాలో ఒక్కడు గొప్పవాడైతే లాభం లేదు. బృందమంతా ఒక్క చెవి కావాలి. న్యూ ఆర్లియన్స్ వీధులలో ఊరేగే జాజ్ బృందానికి కూడ సరిగా ఇదే నియమం.

పెళ్ళి ఇంట మర్ఫా ఎలా సాగుతుందో చూడండి. వాద్యకారులు అర్ధచంద్రాకారంగా నిలబడతారు. డోలు మొదట నింపాదిగా నడక చూపుతుంది. దఫ్‌లు అందుకొంటాయి. ఇంకా ఎవరూ ఆడరు. పెద్దలు కుర్చీలలో కూర్చుని మాట్లాడుకొంటూనే ఉంటారు. మర్ఫా పుల్లలు పడగానే మాటలు ఆగుతాయి. ముందున్నవాడు ఒక కొత్త ముక్క వేస్తాడు. తక్కినవారు దానిని తిప్పి ఇస్తారు. వేగం ఒక మెట్టు పెరుగుతుంది. ఒక కుర్రవాడు లేస్తాడు, వాని వెంట ఇంకొకడు. పాతకాలపు వారుంటే కర్రలతోనో కత్తులతోనో కదం తొక్కుతారు. యుద్ధవిద్య ఆటలోకి దిగిన జాడ అది. ఆడేవాని కాలు చూసి వాయించేవాడు దెబ్బ మారుస్తాడు. దెబ్బ విని ఆడేవాడు కాలు మారుస్తాడు. ఏది పిలుపో ఏది జవాబో చెప్పలేని స్థితి వస్తుంది. జాజ్‌కు చెప్పుకొన్న మూడు గుణాలూ అక్కడ కనబడుతున్నాయి గదా? దీనికి మన వీధి పెట్టిన పేరు తీన్‌మార్. ఉరుదూలో మూడు దెబ్బలు అని అర్థం.

ఈ సంగీతం సైనికుల చేతినుంచి పెళ్ళిపందిట్లోకి ఎప్పుడు దిగింది? పెళ్ళిళ్ళలో అది మొదటినుంచీ ఉండే ఉంటుంది. కాని అదే బ్రతుకుతెరువైన సంవత్సరం మాత్రం స్పష్టంగా చెప్పవచ్చు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. నిజాము సైన్యం రద్దయింది. ఆఫ్రికన్ అశ్వదళమూ, అరబ్బు దళాలూ రద్దయ్యాయి. అరబ్బులలో అనేకులను ఓడలెక్కించి ఏడెన్ రేవుకు పంపించారు. తక్కినవారు ఇక్కడే ఉండిపోయారు. తాతముత్తాతలనాటినుంచి గుర్రమూ కత్తీ తప్ప వేరే వృత్తి ఎరుగనివారు ఒక్కసారిగా వీధిన పడ్డారు. ఫ్యాక్టరీలలో చేరినవారు చేరారు, గుమాస్తాలైనవారు అయ్యారు, గల్ఫు దేశాలకు పోయినవారు పోయారు. కొందరి చేతిలో మాత్రం డోలు మిగిలింది. నగరం వారిని సైనికులుగా మరచిపోయింది. పెళ్ళికి మాత్రం పిలిచింది.

సైన్యాలు పోయిన తరువాత సైనిక వాద్యాలు సామాన్యుల సంగీతం కావడం న్యూ ఆర్లియన్స్ కథ. అదే కథ ఎనభై మూడేండ్ల తరువాత హైదరాబాదులో జరిగింది. అక్కడి కథకు పుస్తకాలున్నాయి, వస్తుశాలలున్నాయి, విశ్వవిద్యాలయ పీఠాలున్నాయి. జాజ్ పేరిట ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ 2011లో ఏప్రిల్ 30ని అంతర్జాతీయ దినంగా ప్రకటించింది. ఇక్కడి కథకు మిగిలింది ఒక బస్సు స్టాపు పేరు.

అయితే మర్ఫా ఒక్క మతంవారి ముంగిట ఆగిపోలేదు. దక్కను గడ్డమీద అంతకు ముందే మన డప్పు ఉన్నది. ఒకటి చెక్క చట్రంమీద చర్మం, రెండవదీ చెక్క చట్రంమీద చర్మమే. ఈ ఊరి వీధులలో అవి ఎదురుపడకుండా ఎలా ఉంటాయి? ఆషాఢమాసంలో బోనాలనాడు లాల్‌దర్వాజ సందులలో పోతరాజు ముందు మోగే దెబ్బనూ, బార్కస్ పెళ్ళిలో మోగే దెబ్బనూ పక్కపక్కన విని చూడండి. వాద్యాలు వేరు, వాయించేవారు వేరు, సందర్భాలు వేరు. దెబ్బకు పెట్టుకొన్న పేరు మాత్రం రెండు చోట్లా తీన్‌మారే. వినాయక నిమజ్జనంలో ఆడే కుర్రవాడూ తీన్‌మార్ అనే అంటాడు. తెలుగు సినిమాకు ఆ పేరు పెట్టారు, టెలివిజన్ వార్తల కార్యక్రమానికీ పెట్టారు. ఒక మాట ఇన్ని గడపలు దాటిందంటే, దాని వెనుకనున్న లయ అంతకు ముందే దాటి ఉంటుంది.

ఇంత బలమైన సంగీతానికి ఆపద ఏమిటని అడగవచ్చు. తీన్‌మార్‌కు ఆపద లేదు. అది ఇప్పుడు డీజే పెట్టెలలో, మీటలు నొక్కితే మోగే పలకలలో, చేతి ఫోనులో కూడ దొరుకుతుంది. ఆపద ఉన్నది దానిని వాయించే బృందానికి. పెట్టెలోని తీన్‌మార్ ఒక్కసారి రికార్డయిన ఆరు మాత్రలను తెల్లవార్లూ అదే తీరున తిప్పుతుంది. దానికి ఆడేవాని కాలు కనబడదు. అలసిన వానికోసం తగ్గదు, ఊపు మీదున్న వానికోసం హెచ్చదు. పిలుపు ఉన్నది, జవాబు లేదు. పెళ్ళివారి లెక్కలో అయిదారుగురు మనుషులకంటె ఒక్క పెట్టె చౌక. చర్మం బదులు ప్లాస్టిక్ బిగించిన వాద్యాలు కూడ వచ్చాయి. వాటికి మంట అక్కరలేదు, వానకు చెడవు. కాని చర్మపు గొంతు వాటికి రాదు.

ఇంకొక నష్టం నిశ్శబ్దంగా జరుగుతున్నది. కొన్నేండ్ల క్రిందట దఫ్ వాయించే ఒక పెద్దాయనను, "ఈ వరస పేరేమిటి చాచా?" అని అడిగాను. ఆయన ఒక పేరు చెప్పాడు. దాని అర్థం అడిగితే నవ్వి, "మా తాతకు తెలుసు. మా నాన్నకు పలకడం వచ్చు. నాకు వాయించడం వచ్చు" అన్నాడు. కాసేపు ఆగి, దూరాన ఫోను చూసుకొంటున్న మనుమని వైపు గడ్డంతో చూపి, "వాడికి వినడం వస్తే చాలు సాబ్" అన్నాడు. సిద్దీల ఇండ్లలో ఇప్పుడు మాట్లాడేది మన దక్కనీ ఉరుదూ, మన తెలుగు. సముద్రం అవతలి భాష పోయింది. చేతులలో మిగిలిన ఈ దెబ్బలే వారి పూర్వుల చివరి మాటలు. ఒక్కొక్క బృందం ఆగిపోయినప్పుడల్లా ఆ మాటలలో కొన్ని పోతున్నాయి.

ఇక్కడ రేడియోవానిగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఒకసారి నేను ఒక మర్ఫా బృందాన్ని రికార్డు చేయవలసి వచ్చింది. ధ్వని చెదరకుండా ఉండడానికి గోడలకు మెత్తలు పరచిన గదిలో వారిని నిలబెట్టి, మైకు దగ్గరగా పెట్టాను. మీటరు ముల్లు ఎరుపు గీత దాటి కొట్టుకొన్నది. మైకు దూరం జరిపితే దఫ్‌లు పోయాయి. డోలును వెనక్కు జరిపితే వాయించేవారు ఒకరినొకరు చూసుకోలేక తాళం చెదిరింది. ఆడేవాళ్ళు లేరు గనుక వేగం పెంచడానికి వారికి కారణమే కనబడలేదు. చివరకు రికార్డయినది శుభ్రంగానే ఉన్నది, ప్రాణం మాత్రం లేదు. ఆనాడు తెలిసిందేమంటే, ఆ సంగీతంలో సగం వాద్యకారులది, సగం ఎదుటివారిది. గదిలోకి నేను సగాన్నే పిలిచాను.

యంత్రం వల్ల వచ్చే చిక్కు కూడ ఒకటి శ్రోతలు తెలుసుకోవాలి. మీ ఇంటి చిన్న రేడియోలో గాని, చేతి ఫోనులో గాని ఉండే మాటపెట్టె అరచేతికంటె చిన్నది. డోలు అడుగు మోతలో కంపనాలు నిదానమైనవి. అంతటి గాలిని కదల్చడం ఆ చిన్న పెట్టెకు శక్యం కాదు. మధ్యతరంగ ప్రసారంలో మరీ సన్నని ధ్వనులు కూడ కత్తిరించబడతాయి. అంటే మర్ఫాలో క్రింద సగమూ, పైన కొంతా పోయి నడుమనున్న టకటకలు మీకు చేరతాయి. దానిని విని "చప్పుడే గదా" అని ఎవరైనా అంటే వారి తప్పు కాదు. గాత్రాన్నీ వీణనూ రేడియో మీ ఇంటికి తేగలదు. మర్ఫా దగ్గరకు మాత్రం మీరే వెళ్ళాలి. దాని మోత చెవికంటె ముందు ఎదురొమ్ముకు తగులుతుంది.

ఒక మంచి సూచన కూడ ఉన్నది. ధ్వనికాలుష్య నియమాల ప్రకారం రాత్రి పదినుంచి ఉదయం ఆరు వరకు లౌడుస్పీకర్లు బహిరంగంగా మోగకూడదన్న కట్టడి 2000 సంవత్సరంనుంచీ ఉన్నది. దాని తరువాత 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజే పెట్టెలను నిషేధించారు. నిషేధాలతో కళలు బ్రతకవన్నది నిజమే. అయినా పెట్టె తొలగిన చోట ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో చేతి వాద్యం తిరిగి నిలబడే వీలున్నది. దానిని పిలిచేవారు ఉండాలి.

వినదలచిన వారికి కొన్ని మాటలు

మర్ఫాకు టిక్కెట్లు లేవు, కచేరీల పట్టిక లేదు. దాని పంచాంగం పెళ్ళిళ్ళ పంచాంగమే. రంజాను నెలలో ముస్లిముల ఇండ్లలో పెళ్ళిళ్ళు సాధారణంగా ఉండవు. మొహర్రం దినాలు శోకదినాలు. పండుగ వెళ్ళి షవ్వాలు నెల రాగానే ముహూర్తాలు వరుసగా వస్తాయి. చాంద్రమాన లెక్కలో ఈ నెలలు ప్రతి ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి గనుక, క్యాలెండరులో రంజాను ముగిసే తేదీ చూసుకొంటే మర్ఫా ఋతువు ఎప్పుడు మొదలవుతుందో తెలిసిపోతుంది. నికా కంటె దానికి ముందు జరిగే సాంచక్, మెహందీ రాత్రులలోనూ, వరుని ఊరేగింపులోనూ వాద్యం ఎక్కువ. చాంద్రాయణగుట్టనుంచి పహాడీ షరీఫ్ వరకు రహదారి పక్కనున్న పెళ్ళి మంటపాల దగ్గర అటువంటి రాత్రులలో వినబడుతుంది.

మన డప్పులో తీన్‌మార్‌ను వినాలంటే ఆషాఢం రావాలి. బోనాలు గోల్కొండలో మొదలై, సికిందరాబాదు ఉజ్జయినీ మహంకాళి ఆలయానికి, ఆపైన పాతనగరంలో లాల్‌దర్వాజకు వస్తాయి. 2014నుంచి ఇది రాష్ట్ర పండుగ. మొదట షవ్వాలులో బార్కస్‌లోనూ, ఆ తరువాత ఆషాఢంలో లాల్‌దర్వాజలోనూ విన్నవారికి నేను ఈ ప్రసంగంలో చెప్పినదంతా అనవసరమవుతుంది.

ఇక జాజ్ మాట. ఏప్రిల్ 30 వచ్చినప్పుడు నగరంలో ఎక్కడైనా కచేరీ ఉంటే తప్పక వెళ్ళండి. వెళ్ళి, అక్కడ డ్రమ్ములు వాయించేవాని ఎడమ చేతినీ కుడి పాదాన్నీ గమనించండి. రెండూ వేరువేరు లెక్కలు నడుపుతుంటాయి. బల్లమీద మీరు వేసిన ఆరు మాత్రలు జ్ఞాపకం చేసుకోండి. ఆ లయ అట్లాంటిక్ మహాసముద్రం దాటి న్యూ ఆర్లియన్స్ చేరింది. దాని తోబుట్టువు అరేబియా సముద్రం దాటి బార్కస్ చేరింది.

ఆఖరుమాట. వీధిలో మర్ఫా వినబడితే పిలవని పేరంటానికి వచ్చినట్టు మొగమాటపడవద్దు. బయట, కొంచెం దూరంలో నిలబడి విన్నవారిని ఏ పెళ్ళివారూ కసరరు. లోపలికి రమ్మని పిలిచే ఇండ్లే ఎక్కువ. వాయిద్యం ఆగినప్పుడు, వాద్యకారుడు చర్మానికి మంట చూపుతున్న ఆ అయిదు నిమిషాలలో, దగ్గరకు వెళ్ళి ఈ వరస పేరేమిటని అడగండి. మీ ఇంటి వేడుకకు బృందం కావలసి వస్తే పెట్టెకు బదులు మనుషులను పిలవండి. ఆ మాటల అర్థం తాతతోనే పోయింది. పేర్లయినా మనుమనివరకు రావాలంటే అడిగేవారు ఉండాలి.